నాన్న ఖాతాలో మైళ్లు

మైలు అనే మాటను మన రోడ్లు ఎప్పుడో మర్చిపోయాయి. కిలోమీటరు రాళ్లు వచ్చాక మైలురాయి సన్మాన సభల్లో తప్ప ఎక్కడా వినపడటం లేదు. అలాంటి మైలు మళ్లీ మన ఇళ్లలోకి వచ్చింది. ఈసారి విమానమెక్కి మరీ వచ్చింది!

అమెరికాలో కూతురో కొడుకో లేని ఇల్లు మా తెనాలిలో వెతుక్కోవాల్సిందే. పురుడు పొయ్యడానికి అమ్మ బయల్దేరుతుంది. 'నువ్వొక్కదానివే ఎలా వెళ్తావ్' అంటూ నాన్న వెంట వెళ్తారు. మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు ఇరవై మూడు కిలోలు. ఆవకాయ సీసా నుంచి పసిపిల్ల పట్టులంగా దాకా తూచి తూచి సర్దుతాం. అరకిలో ఎక్కువైతే విమానాశ్రయంలోనే పెట్టె విప్పి, అప్పడాల కట్ట తీసి సాగనంపడానికి వచ్చినవాళ్ల చేతిలో పెడతాం. ఇంత లెక్కగా ఉండే మనం ఆ టికెట్టుతో పాటు వచ్చే మైళ్లను మాత్రం విమానంలోనే వదిలేసి వస్తుంటాం.

మా ఇంట్లో ఆ లెక్క చూసే పని నాకు పడింది. అక్క షికాగోలో ఉంటుంది. 2009లో అమ్మా నాన్నా మొదటిసారి వెళ్తున్నప్పుడు, విమాన సంస్థ పథకంలో ఉచితంగా చేరొచ్చని అక్క ఫోన్లో చెప్పింది. కరెంటు ఆఫీసులో లెక్కలు రాసీ రాసీ రిటైరైన నాన్నకి 'ఉచితం' అన్న మాటంటేనే అనుమానం. "ఊరికే ఇస్తానన్నవాడు ఎక్కడో పట్టుకుంటాడు. పేపర్లో పనిచేస్తున్నావుగా, ఆ నిబంధనలేంటో నువ్వు చదివి చెప్పు" అన్నారు నాతో. అలా మొదలైంది. ఆ నిబంధనలు ఇప్పటికీ చదువుతూనే ఉన్నా... ఎందుకంటే అవి ఇప్పటికీ మారుతూనే ఉన్నాయి!

ఎవరికోసం పుట్టింది?

నాన్న అనుమానం ఉత్తిది కాదు. ఈ పథకాల చరిత్ర చూస్తే అర్థమవుతుంది. అమెరికాలో ఒకప్పుడు ఏ దారిలో ఎవరు విమానం నడపాలో, ఎంత ఛార్జీ తీసుకోవాలో ప్రభుత్వమే తేల్చేది. 1978లో చట్టం చేసి ఆ అదుపు ఎత్తేశారు. సంస్థల మధ్య ధరల పోటీ మొదలైంది. టికెట్టు ధర తగ్గించి ప్రయాణికుణ్ని లాక్కోవడం ఎవరైనా చేస్తారు. లాక్కున్నవాణ్ని నిలబెట్టుకోవడం ఎలా? అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన రిజర్వేషన్ కంప్యూటర్లలో మళ్లీ మళ్లీ కనిపించే ఫోన్ నంబర్లను ఏరింది. ఆ నంబర్లవాళ్లంటే తరచూ తిరిగే మారాజులన్నమాట. వాళ్లను ముందు చేర్చుకుని 1981 మే 1న 'అడ్వాంటేజ్' పథకం పెట్టింది. ఎన్ని మైళ్లు ఎగిరితే అన్ని పాయింట్లు. కొన్ని పోగయ్యాక ఒక టికెట్టు. కొద్దిరోజులకే యునైటెడ్ సంస్థ 'మైలేజ్ ప్లస్'తో దిగింది. ఆ తర్వాత మిగతావాళ్లూ అదే బాట పట్టారు.

మన దేశంలో ఎయిరిండియా 'ఫ్లయింగ్ రిటర్న్స్', జెట్ ఎయిర్‌వేస్ 'జెట్ ప్రివిలేజ్' 1990లలో వచ్చాయి. ఎయిరిండియా పథకం పేరు ఇప్పుడు 'మహారాజా క్లబ్'. 2006లో ఎగరడం మొదలెట్టిన ఇండిగో చాలాకాలం ఇలాంటి పథకం లేకుండానే నెట్టుకొచ్చి 2024లో 'బ్లూచిప్' తెచ్చింది.

అంటే... ఇది మనకోసం పుట్టింది కాదు. కంపెనీ ఖర్చుతో నెలకు పదిసార్లు తిరిగే అధికారి కోసం పుట్టింది. మూడేళ్లకోసారి మనవల కోసం వెళ్లే అమ్మానాన్నలు వాళ్ల లెక్కలోనే లేరు. అయితేనేం? తలుపు అందరికీ తెరిచే ఉంది. షికాగోకి వెళ్లి వస్తే పదహారు వేల మైళ్లకు పైమాటే. మామూలు మనిషి దేశంలో ఏడాదంతా తిరిగినా అంత దూరం తిరగడు.

ఇంటిపేరు ముందా? వెనకా?

చేరడానికి పైసా ఖర్చు లేదు. కానీ తెలుగువాళ్లకు మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది. మనకు ఇంటిపేరు ముందుంటుంది. వాళ్లకు వెనకుంటుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, మొత్తం పేరంతా ఒకే గడిలో. టికెట్టు మీద ఒకలా, పథకం ఖాతాలో ఇంకొకలా ఉంటే కంప్యూటరు దృష్టిలో వాళ్లిద్దరూ వేరు వేరు మనుషులు! మైళ్లు జమ కావు. అందుకే మొదటి సూత్రం... పాస్‌పోర్టులో అక్షరం అక్షరం ఎలా ఉందో ఖాతాలోనూ అలాగే ఉండాలి.

ఇంకోటి. మైళ్లు టికెట్టు కొన్నవాళ్లకు కాదు, ప్రయాణించినవాళ్లకు వస్తాయి. అల్లుడు డబ్బు కట్టినా మైళ్లు అత్తగారివే. కాబట్టి ఇంటిల్లిపాదికీ ఎవరి ఖాతా వాళ్లకు ఉండాలి. రెండేళ్లు నిండి, సొంత సీటులో కూర్చునే పిల్లల్ని కూడా చాలా సంస్థలు చేర్చుకుంటాయి. నలుగురున్న కుటుంబం ఒకసారి వెళ్లొస్తే నాలుగు ఖాతాల్లో జమ. కొన్ని సంస్థలు కుటుంబం మొత్తం పాయింట్లను ఒకే కుండలో పోసుకోనిస్తాయి. ఆ సదుపాయం ఉంటే తప్పకుండా వాడుకోవాలి. నాలుగు ఖాతాల్లో చెరి కాస్త ఉంటే ఏ టికెట్టుకీ సరిపోవు. కలిపితే ఒకరి ప్రయాణం వెళ్లిపోతుంది.

2012 ప్రయాణంలో అమ్మ మైళ్లు జమయ్యాయి, నాన్నవి కాలేదు. నాన్న ఊరుకునే రకమా? రెండు బోర్డింగ్ పాసుల ముక్కలూ రిజిస్టరులో గుండుసూదితో గుచ్చి దాచారు. అవి స్కాన్ చేసి పంపితే నెల తిరక్కుండా పడ్డాయి. ఇలా అడగడానికి గడువుంటుంది. సంస్థను బట్టి కొన్ని నెలలు. అందుకే మైళ్లు ఖాతాలో కనపడేదాకా బోర్డింగ్ పాస్ పారేయొద్దు. ఇప్పుడు అది ఫోన్లోనే వస్తోంది కాబట్టి ఒక ఫొటో తీసి పెట్టుకుంటే సరి.

వియ్యంకుల జట్టు

మైళ్లు పోగవ్వాలంటే ఒకే సంస్థలో తిరగాలేమో అనుకుంటాం. అక్కర్లేదు. విమాన సంస్థలకు జట్లున్నాయి. 1997లో స్టార్ అలయన్స్, 1999లో వన్‌వరల్డ్, 2000లో స్కైటీమ్ ఏర్పడ్డాయి. జట్టులో ఏ సంస్థ విమానం ఎక్కినా ఆ మైళ్లను అదే జట్టులోని ఇంకో సంస్థ ఖాతాలో వేసుకోవచ్చు. ఎయిరిండియా 2014 జులైలో స్టార్ అలయన్స్‌లో చేరింది. లుఫ్తాన్సా, సింగపూర్ ఎయిర్‌లైన్స్, యునైటెడ్ అందులోవే. బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఖతార్ ఎయిర్‌వేస్, కేథే పసిఫిక్ వన్‌వరల్డ్‌లో ఉన్నాయి. ఎమిరేట్స్, ఎతిహాద్ ఏ జట్టులోనూ లేవు. విడివిడిగా కొన్ని సంస్థలతో ఒప్పందాలు చేసుకున్నాయి.

కాబట్టి రెండో సూత్రం... మీ పిల్లలుండే ఊరికి ఏ జట్టు విమానాలు ఎక్కువో చూసి, ఒకే పథకంలో కుదురుకోవడం. ఒకసారి దుబాయ్ మీదుగా, ఒకసారి లండన్ మీదుగా, ఒకసారి దోహా మీదుగా వెళ్లి మూడు ఖాతాల్లో మూడు ముక్కలు మిగుల్చుకుంటే ఏదీ పండదు. అలాగని మైళ్ల కోసం పదిహేను వేలు ఎక్కువ పెట్టి టికెట్టు కొనకూడదు. ముందు ధర, తర్వాత ప్రయాణ సమయం, ఆ తర్వాతే మైళ్లు. పెద్దవాళ్లయితే మధ్యలో ఎన్నిసార్లు దిగాలన్నది అన్నిటికంటే ముందు చూడాలి.

కొనేముందు టికెట్టు తరగతి కూడా చూసుకోవాలి. ఎకానమీ అని పైకి ఒకటే పేరున్నా లోపల పది అక్షరాల తరగతులుంటాయి. బాగా చవకైన తరగతిలో మైళ్లు పావువంతే రావచ్చు, ఒక్కోసారి అసలు రాకపోవచ్చు. పైగా ఇప్పుడు చాలా సంస్థలు ఎగిరిన దూరాన్ని చూడటం మానేసి, పెట్టిన డబ్బును చూస్తున్నాయి. డెల్టా, యునైటెడ్ 2015లో, అమెరికన్ 2016లో, మన ఎయిరిండియా 2024లో ఈ పద్ధతికి మారాయి. పేరుకే మైళ్లు... లెక్క మాత్రం రూపాయల్లో!

పాత చీరకు స్టీలు గిన్నె

కూడబెట్టడం సగం పనే. ఎక్కడ ఖర్చు పెడతామన్నది అసలు సంగతి. రెండో ప్రయాణం తర్వాత ఇంటికో పుస్తకం వచ్చింది. మైళ్లిస్తే మిక్సీ ఇస్తారట, చక్రాల పెట్టె ఇస్తారట. అమ్మకు ఆ పెట్టె తెగ నచ్చింది. "ఎటూ మళ్లీ వెళ్లాలిగా, తీసుకుంటే పోలా" అంది.

మా చిన్నప్పుడు మధ్యాహ్నం పూట పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చేవాడు వచ్చేవాడు. అమ్మ నాలుగు జరీ చీరలు తెచ్చి ముందు పడేస్తే, వాడు ఎటూ తేల్చకుండా తిప్పి తిప్పి చూసి ఓ చిన్న గిన్నె తీసేవాడు. అమ్మ టిఫిన్ క్యారేజీ మీద చెయ్యి వేస్తే "ఇంకో రెండు చీరలు వెయ్యి తల్లీ" అనేవాడు. చీర విలువ ఎంతో చెప్పేది వాడే, గిన్నె విలువ ఎంతో చెప్పేదీ వాడే. ఈ మైళ్ల బేరం కూడా అచ్చం అంతే. తేడా ఏంటంటే, ఇక్కడ మనం లెక్క వేసుకోవచ్చు.

లెక్క సులువే. టికెట్టు డబ్బిచ్చి కొంటే ఎంతో చూడండి. అందులోంచి మైళ్లతో కొన్నా తప్పక కట్టాల్సిన పన్నులు తీసెయ్యండి. మిగిలినదాన్ని అడుగుతున్న మైళ్లతో భాగించండి. ఉదాహరణకు టికెట్టు అరవై వేలనుకుందాం. మైళ్లతో అయితే 25 వేల మైళ్లు, పైన పదివేలు పన్ను. అంటే యాభై వేల రూపాయల పని 25 వేల మైళ్లు చేశాయి. మైలుకు రెండు రూపాయలు. అదే ఆరువేల రూపాయల మిక్సీకి 30 వేల మైళ్లు అడిగితే? మైలుకు ఇరవై పైసలు! నాన్న రిజిస్టరులో ఈ రెండు లెక్కలూ పక్కపక్కన వేసి చూపించాక అమ్మ పుస్తకం మడిచి పక్కన పెట్టింది. "స్టీలుగిన్నెల వాడే నయం" అంది.

సాధారణంగా వస్తువులకు, షాపింగ్ కూపన్లకు మైళ్ల విలువ అడుగంటుతుంది. విమాన టికెట్టుకు బాగుంటుంది. దూరప్రయాణాల్లో, అందులోనూ డబ్బు పెట్టి మనం ఎప్పటికీ కొనలేని బిజినెస్ క్లాసు సీటుకు ఇంకా బాగుంటుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మను పద్నాలుగు గంటలు కాళ్లు చాపుకుని పడుకోబెట్టి తీసుకెళ్లగలిగితే అది లెక్కకు అందని లాభం. ఒక జాగ్రత్త... కొన్ని సంస్థలు మైళ్ల టికెట్టు మీద కూడా ఇంధన సర్‌ఛార్జీ పేరుతో వేలకు వేలు వసూలు చేస్తాయి. 'ఉచిత' టికెట్టు ఖరీదు చూసి గుండె పట్టుకోవాల్సి వస్తుంది. మైళ్లు ఎన్నో చూసి మురిసిపోకుండా చివరి పేజీలో కట్టాల్సిన మొత్తం చూశాకే నిర్ణయించుకోవాలి.

నాన్న అంకెలు చదివిన రాత్రి

నాలుగు ప్రయాణాలు అయ్యేసరికి నాన్న ఖాతాలో 51 వేల చిల్లర మైళ్లున్నాయి. చాలాకాలం కదలిక లేకపోతే రద్దయ్యే పథకం అది. తిరుపతిలో దిగిన హోటల్ పాయింట్లు కొన్ని అందులోకి మళ్లించి ఖాతాను బతికించుకుంటూ వచ్చాం. వాడుకుందామంటే నాన్న వద్దనేవారు. "చీటీ పాట అవసరం పడ్డ నెలలోనే పాడాలమ్మా. ఊరికే పాడితే నష్టం" అనేవారు.

ఆ అవసరం 2022లో వచ్చింది. నాన్నను గుంటూరులో ఆసుపత్రిలో చేర్చాం. గుండె బాగా బలహీనపడిందని, రావాల్సినవాళ్లు ఎవరైనా ఉంటే పిలిపించుకోండని డాక్టరు మెల్లిగా చెప్పారు. అక్క అప్పటికప్పుడు బయల్దేరాలి. మర్నాటి ప్రయాణానికి, ఒకవైపుకే, పదహారు వందల డాలర్లు చూపిస్తోంది. మామూలు రోజుల్లో రానూపోనూ అంతకంటే తక్కువలో అయిపోయేది. పిల్లల ఫీజులు కట్టిన నెల అది. బావగారు కార్డు మీద కొందామనే అన్నారు.

నేను నాన్న పథకంలో వెతికాను. ఇక్కడో కీలకం ఉంది. చాలా పథకాల్లో మన మైళ్లతో ఇంకొకరికి టికెట్టు తీసుకోవచ్చు. ఒకవైపు టికెట్టుకు సగం మైళ్లే తీసుకుంటారు. డబ్బుతో కొంటే మాత్రం అంతర్జాతీయ దారుల్లో ఒకవైపు ధర చాలాసార్లు రానూపోనూ ధర దాకా వెళ్లిపోతుంది. పైగా ఖాళీగా ఎగిరిపోయే సీటు ఎవరికీ పనికిరాదు కాబట్టి, అమ్ముడుపోని సీట్లను చివరి రోజుల్లో మైళ్లకు వదిలే సంస్థలున్నాయి. ధర ఆకాశాన్ని అంటే వేళకే మైళ్ల సీటు దొరికే అవకాశం ఉంటుందన్నమాట. ఇంకోటి... హైదరాబాద్ దాకా అయినా, గన్నవరం దాకా అయినా మైళ్లు అవే. అక్క షికాగో నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, ఢిల్లీ మీదుగా నేరుగా గన్నవరంలో దిగేలా సీటు దొరికింది. 42,500 మైళ్లు, డెబ్భై అయిదు డాలర్ల పన్ను.

ఖాతా నాన్నది. ఓటీపీ నాన్న ఫోనుకు వస్తుంది. అడిగితే ఆయనకు విషయం అర్థమైపోతుందని అమ్మ భయం. అయినా అడిగాను. "అక్క వస్తానంటోంది నాన్నా, మీ మైళ్లతో" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కళ్లజోడు అడిగారు. ఫోను దూరంగా పట్టుకుని ఆరంకెలూ ఒక్కొక్కటే చదివారు, జీతాల బిల్లు చదివినట్టు. నేను నొక్కాను. "అయిందా?" అన్నారు. అయిందన్నాను. "ఎంత కలిసొచ్చింది?" అని అడిగారు.

అక్కడే కూర్చుని లెక్క వేశాను. పదహారు వందల్లోంచి డెబ్భై అయిదు పోతే పదిహేను వందల ఇరవై అయిదు. 42,500తో భాగిస్తే మైలుకు మూడున్నర సెంట్ల పైమాట. "ఆగినందుకు మంచి ధరే పలికింది" అన్నారు నాన్న.

అక్క మూడో రోజు పొద్దున్న ఆసుపత్రికి వచ్చేసింది. ఆ తర్వాత నాన్న ఆరు రోజులున్నారు. రెండు రోజులు బాగానే మాట్లాడారు. మనవల చదువులు అడిగారు, షికాగోలో పెరట్లో వేసిన గోంగూర సంగతి అడిగారు. తను నాలుగుసార్లు కాళ్లు వాచేలా కూర్చుని ఎగిరిన దూరమే తిరిగి కూతుర్ని తీసుకొచ్చిందని ఆయనకు తెలుసు.

దాచుకుంటే మిగలవు

ఈ కథ చెప్తే వినేవాళ్లు 'అయితే మైళ్లు దాచుకోవాలన్నమాట' అంటారు. సగమే నిజం. నాన్న చీటీ పోలిక నాకు నచ్చినా అది పూర్తిగా అతకదు. చీటీలో మన డబ్బు రూపాయి రూపాయిగానే ఉంటుంది. మైలు అలా కాదు. దాని విలువ సంస్థ చేతిలో ఉంటుంది. ఒకప్పుడు ఏ ఖండానికి ఎన్ని మైళ్లో పట్టిక వేసి పెట్టేవాళ్లు. డెల్టా 2015లో, యునైటెడ్ 2019లో ఆ పట్టికలనే తీసేశాయి. ఈ రోజు ఎంతంటే అంత! నిరుడు నలభై వేలకు వచ్చిన టికెట్టు ఈ ఏడు అరవై వేలడిగినా అదేమనే హక్కు మనకు లేదు. మైళ్లకు వడ్డీ రాదు, అరుగుదల మాత్రం ఉంటుంది.

సంస్థే పోతే? కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో ఆగిపోయింది. దాని 'కింగ్ క్లబ్' పాయింట్లు పోగేసుకున్నవాళ్లకు ఎక్కడానికి విమానమే లేకుండా పోయింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో నేలకు దిగింది. దాని పాయింట్ల పథకం విడిగా వేరే కంపెనీగా ఉండటంతో 'ఇంటర్‌మైల్స్' అని పేరు మార్చుకుని నిలబడింది. 2024 నవంబరులో విస్తారా ఎయిరిండియాలో కలిసిపోయినప్పుడు పాయింట్లూ అటే వెళ్లాయి. ఒక్కో సంస్థది ఒక్కో తీరు.

మరి ఈ పథకాల వల్ల వాళ్లకేం లాభం అంటారా? చాలానే. బ్యాంకులు తమ క్రెడిట్ కార్డు వాడేవాళ్లకు ఇవ్వడానికి విమాన సంస్థల దగ్గర మైళ్లు కొంటాయి, రొక్కం ఇచ్చి! 2020లో కరోనాతో విమానాలన్నీ నిలిచిపోయినప్పుడు యునైటెడ్ తన 'మైలేజ్ ప్లస్' పథకాన్ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. మరుసటి ఏడాది 2021లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అదే దారిలో వెయ్యి కోట్ల డాలర్లు తెచ్చింది. విమానాలు ఎగరని రోజున విమాన సంస్థను ఆదుకున్నది మన మైళ్ల పుస్తకమే.

ఈ కిటుకును ఎదురుతిప్పి గెలిచినవాళ్లూ లేకపోలేదు. 1999లో అమెరికాలో ఒక ఆహార కంపెనీ తన సరుకు మీది గుర్తులు పంపితే మైళ్లిస్తామంది. కాలిఫోర్నియా ఇంజినీరు డేవిడ్ ఫిలిప్స్ దుకాణమంతా తిరిగి అన్నిటికంటే చవకైనది పావు డాలరు పుడ్డింగ్ కప్పని కనిపెట్టాడు. 12,150 కప్పులు కొన్నాడు! గుర్తులు ఊడదీయడానికి మనుషులు చాలక ఒక ధార్మిక సంస్థకు ఆ పుడ్డింగంతా దానమిచ్చి, వాళ్ల కార్యకర్తల సాయం తీసుకున్నాడు. మూడు వేల చిల్లర డాలర్లతో పన్నెండున్నర లక్షల మైళ్లు రాబట్టాడు. 2002లో వచ్చిన 'పంచ్-డ్రంక్ లవ్' అనే సినిమాలో కథానాయకుడి పుడ్డింగు పిచ్చికి ప్రేరణ ఈయనే.

అందరం ఫిలిప్సులం కాలేం. కాకపోయినా ఫర్వాలేదు. కొన్ని చేయకుండా ఉంటే చాలు. మైళ్ల కోసమని క్రెడిట్ కార్డు మీద అవసరం లేనివి కొనొద్దు. నెలాఖరుకు మొత్తం కట్టలేకపోతే నూటికి నెలకు మూడు రూపాయల పైన వడ్డీ వేసే కార్డులే ఎక్కువ. ఏ మైలూ ఆ వడ్డీకి సాటిరాదు. మైళ్లను డబ్బిచ్చి కొనడం కూడా టికెట్టుకు కాసిని తక్కువ పడినప్పుడే. ఎవరికైనా అమ్ముకుందామనుకుంటే ఖాతాయే మూసేస్తారు. గడువు ఎప్పుడో ఏడాదికి రెండుసార్లయినా చూసుకోవాలి. సంక్రాంతికొకసారి, దసరాకొకసారి అని పెట్టుకుంటే గుర్తుంటుంది. ఒక అత్యవసర ప్రయాణానికి సరిపడా ఉంచుకుని, అంతకు మించినవి రెండేళ్లలోపు వాడేసుకోవడం మంచిది.

ఇంట్లో పెద్దవాళ్ల ఖాతా నంబరు, పాస్‌వర్డు, ఓటీపీ వచ్చే ఫోను ఏదో ఇంకొకరికి తెలిసి ఉండాలి. బ్యాంకు పాసుపుస్తకం ఎక్కడుందో చెప్పుకున్నట్టే ఇదీ చెప్పుకోవాలి. ఖాతాదారు చనిపోతే ఆ మైళ్లు వారసులకు వచ్చి తీరాలన్న హక్కు చాలా పథకాల్లో లేదు. కాగితాలు చూసి ఇచ్చే సంస్థలున్నాయి, ఇవ్వని సంస్థలున్నాయి. మనిషి ఉండగానే వాడుకున్న మైలే నిజంగా మన మైలు.

అమ్మ ఖాతాలో ఉన్నవాటిని మేం అలాగే వాడాం. సంవత్సరీకం అయ్యాక అమ్మ, పిన్ని ఢిల్లీ మీదుగా కాశీ వెళ్లొచ్చారు. అమెరికా కోసం పోగైన మైళ్లు, అదే జట్టులోని మన దేశపు విమానంలో పనికొచ్చాయి. అమ్మ గంగలో మునిగి వచ్చి, "మీ నాన్న ఉంటే దీనికెన్ని మైళ్లు పట్టాయో ముందు అడిగేవారు" అంది.

నాన్న ఖాతాలో ఇంకా ఎనిమిది వేల చిల్లర ఉన్నాయి. మరణ ధ్రువపత్రం పంపి అడిగితే ఇస్తారేమో కనుక్కుంటానన్నాను. మహా అయితే ఇక్కడిక్కడ తిరిగే ఒక చిన్న టికెట్టు వస్తుంది. అమ్మ ఒప్పుకోలేదు. ఏటా ఆయన పుట్టినరోజుకు ఆ సంస్థ నుంచి శుభాకాంక్షలు వస్తాయి, నాన్న పేరుతో. ఖాతా మూస్తే అవి రావట. "ఉండనీవే. అన్నీ లెక్కలేనా?" అంది.

నేనూ ఇక అడగలేదు. రిజిస్టరులో ఆ పద్దు ఒక్కటే తేలకుండా ఉంది.